వేళ్ల కదలికను కొలిచే గ్లవ్

ప్రశ్న: పులివెందులలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. జమ్మలమడుగులో మగ్గం నేసే మా మామయ్యకు పక్షవాతం వచ్చి తగ్గుతోంది. ఆయన వేళ్లు ఎంత వంగుతున్నాయో కొలిచే గ్లవ్ ఎలా చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఒక్క చూపుడువేలితో మొదలుపెట్టండి. నేత గుడ్డ సాగదు కాబట్టి గ్లవ్‌కు పనికిరాదు. ప్రొద్దుటూరు బట్టల కొట్లలో అడిగి సాగే బనియన్ గుడ్డ తెచ్చుకోండి. వెండి పూత ఉన్న నైలాన్ దారంతో అల్లిన పట్టీని వేలి మధ్య కణుపుపై కుట్టండి. వేలు వంగితే పట్టీ సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. సాగనప్పుడు పట్టీకి ఉండే నిరోధమంత విలువున్న రెసిస్టర్‌ను పట్టీతో వరుసలో కలిపి, రెండూ కలిసే చోట వోల్టేజీని ఆర్డుయినో బోర్డుతో చదవండి. 0, 45, 90 డిగ్రీల వద్ద కోణమానినితో సరిచూడండి. వంచేటప్పుడు, చాచేటప్పుడు రీడింగ్‌లు తేడాగా వస్తాయి, రెండూ రాసుకోండి. చెమట తగిలితే లెక్క తప్పుతుంది కాబట్టి పలుచని సిలికాన్ పూత వేయండి. ఫిజియోథెరపిస్టును అడగకుండా మాత్రం మామయ్య చేతికి తొడగవద్దు.