వృత్తి సలహా – పంచాయతీ చేయదగిన పని

రుద్రంగి 2016లో చందుర్తి మండలమునుండి విడివడి తానే మండల కేంద్రమైనది. దీనికి ఒక వంక కోరుట్ల, జగిత్యాల. మరియొక వంక వేములవాడ, సిరిసిల్ల. పొలము, మరమగ్గము, బీడీ – ఇవి ఈ ప్రాంతపు బ్రతుకుదెరువులు. ఇవి చాలనివారు గల్ఫు దేశములకు పోవుచున్నారు. పదవ తరగతి దాటిన పిల్లవాడు ఏమి చదువవలెను, ఏ పని నేర్వవలెను అను ప్రశ్న ఇంటింటను ఉన్నది. ఆ ప్రశ్నకు బదులు చెప్పువాడు పలుచోట్ల వీసా చూపించు మధ్యవర్తియే. లాభము పొందువాడే సలహా చెప్పినచో అది బేరమగును.

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. 1908లో అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను ఆయన పని వెదకుకొను యువకులకొరకు ఒక సలహా కేంద్రమును తెరచెను. ఆయన చెప్పిన మార్గము మూడు మెట్లది: తన శక్తిని, అభిరుచిని తెలిసికొనుట, పనియొక్క స్వభావమును, వేతనమును, కష్టనష్టములను తెలిసికొనుట, ఆ రెండింటిని సరిపోల్చి తానే నిర్ణయించుకొనుట. 1913లో అచటి సలహాదారులు ఒక సంఘముగా ఏర్పడిరి. 1951లో అంతర్జాతీయ సంఘము వెలసినది. సలహా నిష్పాక్షికముగా ఉండవలెననియు, నిర్ణయము సలహా కోరినవానిదే కావలెననియు చెప్పు నీతి నియమావళిని ఆ సంఘము 1995లో స్టాక్‌హోమున ఆమోదించినది.

మన దేశమున బొంబాయి పార్సీ పంచాయతీ 1947 నాటికే ఒక వృత్తి సలహా కార్యాలయమును నడపినది. 1952–53లో మాధ్యమిక విద్యా సంఘమునకు అధ్యక్షత వహించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలులో జన్మించినవారు. ఆ సంఘము పాఠశాలలలో విద్యార్థులకు మార్గదర్శనము అవసరమని సూచించినది. నేడు మన దేశపు సలహాదారుల సంఘము తన పేరులో ‘వృత్తి’తోపాటు ‘జీవనోపాధి’ని కూడ చేర్చుకొన్నది. చదువుకొన్నవారి ఉద్యోగములే గాక రైతు బిడ్డ, నేతపనివాని బిడ్డ బ్రతుకుదెరువు కూడ సలహాకు తగిన విషయమేనని దీని భావము. 2010 అక్టోబరులో బెంగుళూరున అంతర్జాతీయ సంఘపు సదస్సు జరిగినది.

ఇట్టి సంఘములు ప్రాంతములలో చేయదగిన పనులు ప్రధానముగా మూడు: ఉపాధ్యాయులకు సలహా చెప్పు పద్ధతిలో శిక్షణ నిచ్చుట, స్థానికముగా దొరకు చదువుల, పనుల వివరములు సేకరించుట, సలహాదారులు కలిసికొని అనుభవములు పంచుకొనుట. ఇందు రెండవదానిని పంచాయతీ తనంత తానే చేయగలదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య ఒకటి.

పంచాయతీ కార్యాలయపు గోడపై ఒక పట్టిక వ్రాయింపవచ్చును. కోరుట్లలోని పశువైద్య కళాశాల, జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ కళాశాల, సిరిసిల్ల దగ్గర మండేపల్లిలోని డ్రైవింగు శిక్షణ సంస్థ, సమీపపు ఐ.టి.ఐ.లు – వీనిలో చేరుటకు ఏ అర్హత వలెను, ఎంత కాలము, ఎంత వ్యయము అను వివరములు అందుండవలెను. ఏటేట వేసవికి ముందు ఆ వివరములను ఆయా సంస్థలనుండియే తెలిసికొని సరిచేయవలెను.

విదేశమునకు పోదలచినవానిని ఆపుట మన పని కాదు. తెలిసి పోవునట్లు చేయుట మన పని. 1983 నాటి వలసల చట్టము ప్రకారము రిజిస్టరైన ఏజెంటు మాత్రమే పనివారిని పంపవచ్చును. అతడు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు దేశములకు కూలికి పోవుటకు వలస అనుమతి పొందవలెను. సందర్శకుల వీసాపై పోయి పనిలో చేరినవానికి ఈ రక్షణ లేదు. అప్పుపత్రముపై సంతకము చేయుటకు పూర్వమే ఈ సంగతులు ఆ ఇంటికి తెలియవలెను. పదవ తరగతి పూర్తిచేయుట విదేశమునకు పోవువానికి సైతము ఎంత మేలో దీనివలన స్పష్టమగుచున్నది.

మన గ్రామములలో గల్ఫునుండి తిరిగి వచ్చినవారు కలరు. వారి అనుభవమును మించిన పాఠ్యపుస్తకము లేదు. ఏడాదికొక గ్రామసభలో వారిని, ప్రధానోపాధ్యాయుని, పదవ తరగతి పిల్లలను, తల్లిదండ్రులను ఒకచోట కూర్చుండబెట్టుదము. ఆడపిల్లలను కూడ తప్పక పిలువవలెను. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఒక్క పూట, ఒక్క పట్టిక, లాభాపేక్షలేని నాలుగు మాటలు చాలును. ఒక కుటుంబము అప్పులపాలు కాకుండ నిలిచినను ఆ పూట సార్థకమైనట్లే.