దూరం బై వేగం: చికాగో నుంచి కొండాపూర్‌కి ఎన్ని గంటలు?

ఫ్రెండ్స్, మా ఊరు కొండాపూర్. ఐటీ కంపెనీలున్న కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గర, శాతవాహనుల నాటి వస్తువుల మ్యూజియం ఉన్న కొండాపూర్. పోయినేడు జనవరిలో ఒకరోజు పొద్దున 5 గంటలకి మా తాత పోయారు. బాబాయ్ ఉండేది చికాగోలో. "కంప్యూటర్ సదువుతున్నవ్ గదా బిడ్డా, వాడు ఎప్పటికొస్తడో చెప్పు" అని నాయనమ్మ అడిగింది. నేను దూరాన్ని వేగంతో భాగించి "రాత్రి 8 కల్లా వస్తాడు" అన్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం.

1. దూరం

గోడ మీది మ్యాప్‌లో హైదరాబాద్ నుంచి చికాగోకి స్కేలుతో గీత గీస్తే, ఆ దారి పొడవు సుమారు 16,100 కి.మీ. కానీ భూమి గుండ్రం. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. రెండు ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని హావర్‌సైన్ ఫార్ములాలో వేస్తే భూకేంద్రం దగ్గర కోణం 119.45 డిగ్రీలు వస్తుంది. భూమి చుట్టుకొలత సుమారు 40,030 కి.మీ. అందులో 360 కి 119.45 వంతు అంటే దాదాపు 13,280 కి.మీ. పైథాన్‌లో పది లైన్ల పని, మీరూ చేసి చూడండి. ఈ దారి పడమరకి కాదు, దాదాపు నేరుగా ఉత్తరానికి మొదలై 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పోతుంది. అంటే ఉత్తర ధ్రువం పక్కనుంచి!

2. సమయం

గంటకి 900 కి.మీ. వేగం అనుకుంటే 14 గంటల 45 నిమిషాలు. నేను చెప్పింది ఇదే. కానీ విమానం టేకాఫ్, ల్యాండింగ్ టైంలో అంత వేగంగా పోదు. ఎదురుగాలి ఉంటే ఇంకా ఆలస్యం.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ళ మధ్య డైరెక్ట్ విమానం మొదలుపెట్టింది. బాబాయ్‌కి ఆ అవకాశం దొరకలేదు, దోహాలో మారాల్సి వచ్చింది. చికాగో–దోహా 11,460, దోహా–హైదరాబాద్ 2,910 కి.మీ. మొత్తం 14,370.

3. గడియారం

బాబాయ్ చికాగోలో పొద్దున 9:30 కి ఎక్కి, మర్నాడు రాత్రి 7 కి శంషాబాద్‌లో దిగాడు. చూడ్డానికి 33 గంటల 30 నిమిషాలు. చలికాలంలో మన గడియారం చికాగో కంటే 11 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అది తీసేస్తే 22 గంటలు.

4. అసలు లెక్క

టికెట్ దొరికి విమానం కదిలేదాకా: 16 గంటలు
దోహా దాకా: 13
దోహాలో ఆగింది: 5
హైదరాబాద్ దాకా: 4
ఇమిగ్రేషన్, లగేజీ, ఔటర్ మీదుగా పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి ఇల్లు: 3

మొత్తం 41 గంటలు. అందులో గాల్లో ఉన్నది 17 మాత్రమే. నా ఫార్ములాలో మిగతా 24 గంటలకి చోటే లేదు.

నా మాట నమ్మి ఆ రాత్రంతా అందరూ ఫ్రీజర్ బాక్స్ పక్కన మేలుకునే ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఇక ఆగలేక దహనం చేశారు. బాబాయ్ అది దోహా ఎయిర్‌పోర్టులో కూర్చుని వీడియో కాల్‌లో చూశాడు. ఫోన్ పట్టుకున్నది నేనే.

మన క్లాస్‌లో చాలామందికి అన్నో అక్కో అమెరికాలో ఉన్నారు, రేపు మనలో కొందరం వెళ్తాం. ఇంట్లో ఎవరైనా "ఎంతసేపు?" అని అడిగితే విమానం టైం చెప్పకండి. గడప నుంచి గడపకి లెక్కేసి చెప్పండి.