కాయ పక్వానికి రాకముందే ఎర కట్టాలి

తోతాపురి మామిడి కోతలు జూన్‌లో, నీలం ఇంకా వెనక. మదనపల్లె, పుంగనూరు, కుప్పం తోటల్లో వేసవి వానలు రెండు పడ్డాయంటే పండు ఈగ కాయ మీద వాలుతుంది. ఆలస్యంగా కోసే నీలానికే బెడద ఎక్కువ. ఆడ ఈగ పక్వానికొస్తున్న కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, లోపల పురుగులు గుజ్జు తింటుంటాయి. అప్పుడు పైన ఏ మందు కొట్టినా దండగే.

మన వైపు ఇంకో చిక్కుంది. మామిడి తోట గట్టు దిగితే చాలాచోట్ల మల్బరీ. ఇమిడాక్లోప్రిడ్, లామ్డా సైహలోత్రిన్ లాంటి పురుగుమందులు గాలికి ఆ ఆకు మీద పడితే మేసిన పట్టుపురుగులు చస్తాయి. ఎర సీసాతో ఆ భయం లేదు, మందు సీసాలోనే ఉంటుంది.

ఎర తయారీకి 6 పాళ్లు ఇథైల్ ఆల్కహాల్, 4 పాళ్లు మిథైల్ యూజినాల్, 1 పాలు మలాథియాన్ కలిపి ప్లైవుడ్ ముక్కను రెండు రోజులు నానబెట్టండి. చేతికి తొడుగులు తప్పనిసరి. ఖాళీ నీళ్ల సీసాకు ఈగ దూరేంత రంధ్రాలు చేసి, ముక్కను లోపల వేలాడదీసి, మనిషి ఎత్తున నీడలో కట్టండి. ఎకరాకు కనీసం 4 సీసాలు, కోతకు నెలన్నర ముందే. నెల దాటాక ముక్క మార్చాలి.

సీసా నిండా ఈగలు చూసి మురిసిపోకండి. మిథైల్ యూజినాల్ వాసనకు వచ్చేవి మగవే. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరకదు, అంతే కిటుకు. మీరొక్కరే కడితే పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ గట్టు దాటి వస్తుంది. అందరూ ఒకే వారంలో కట్టాలి. వానాకాలపు జామకూ ఇదే ఎర. కాకర, బీర పందిళ్లకు మాత్రం పనికిరాదు, ఆ ఈగ వేరు, దానికి క్యూ ల్యూర్ అనే ఎర కావాలి.

రాలిన కాయలను రోజు విడిచి రోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. దిబ్బలో వేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది. 2014 మేలో ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపేసిందీ ఈ ఈగ వల్లే, 2015లో గానీ తెరవలేదు.

ఇతర పురుగులకు మందు తప్పనిసరైతే గాలి లేని పొద్దున కొట్టండి. పట్టు రైతుకు ముందురోజే చెప్పండి, కావలసిన ఆకు కోసి పెట్టుకుంటారు.