పెద్ద ఉల్లిగడ్డకు మూలం విత్తనం, తేదీ

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లకు పెట్టింది పేరు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాల పనికై వెళ్ళి ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారిలో పలువురికి స్వగ్రామంలో ఇంకను కొద్దిపాటి భూమి కలదు. రింగ్ రోడ్డు పరిసరాలలో డాబాపై తొట్లలో గానీ, ఊరిలో అరెకరంలో గానీ ఉల్లి వేయదలచిన వారు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: గడ్డ పెద్దదిగా ఊరాలంటే ఏ ఎరువు వేయాలి? ఎరువు సంగతి తరువాత. ముందుగా విత్తన ప్యాకెట్టును, పంచాంగాన్ని చూడవలసి ఉంటుంది.

ఉల్లిగడ్డలోని ఒక్కొక్క పొర ఒక్కొక్క ఆకు అడుగుభాగమే. గడ్డ ఊరడం మొదలయ్యేనాటికి మొక్కకు ఎన్ని ఆకులున్నవో గడ్డలో దాదాపు అన్ని పొరలుంటాయి. ఊరడాన్ని ప్రారంభింపజేసేది ముఖ్యంగా పగటి నిడివి. ఎండ వేడిమి దానికి తోడ్పడుతుంది. మన దేశపు రకాలకు సుమారు 11, 12 గంటల పగలు చాలును. చలిదేశాల రకాలకు 14 నుండి 16 గంటల పగలు కావాలి. 2023లో ఇంగ్లండులోని హారోగేట్ ప్రదర్శనలో 8.97 కిలోల ఉల్లిగడ్డ తూగింది. అక్కడి వేసవి పగలు 17 గంటల వరకు సాగుతుంది. సూరత్‌లో అతి దీర్ఘమైన పగలు కూడా పదమూడున్నర గంటలు దాటదు. కర్నూలులో ఇంకను తక్కువ. కనుక రంగుల బొమ్మ చూసి అటువంటి విదేశీ విత్తనం కొన్నవారికి ఆకులు ఏపుగా పెరుగుతాయే గాని గడ్డ ఊరదు. డీలర్లు ఈ విషయం కొనుగోలుదారునికి ముందే చెప్పడం ఉభయులకు క్షేమం.

రబీకి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, ఎన్-2-4-1, భీమా శక్తి, భీమా కిరణ్ వంటివి అనుకూలం. ఖరీఫ్‌కు ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్ తగినవి. ఒక కాలపు రకాన్ని మరొక కాలంలో వేస్తే గడ్డ చిన్నదగుటయో, పూకాడ వచ్చుటయో సంభవిస్తుంది. వానాకాలపు జడివానలో తొట్లలోని నారు కుళ్ళిపోతుంది గనుక సూరత్‌లో ఇంటి సాగుకు రబీయే మేలు.

ఉల్లి విత్తనానికి ఆయువు తక్కువ. మామూలు గదిలో ఏడాది దాటితే మొలక శక్తి వేగంగా పడిపోతుంది. ధ్రువీకృత విత్తనానికి కనీస మొలక 70 శాతం ఉండాలి. ఇంటనే పరీక్షించవచ్చును. నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా నీడలో ఉంచి, పన్నెండవ రోజున లెక్కించండి. డెబ్బయికి తక్కువ మొలిస్తే ఆ విత్తనం నారుమడికి పనికిరాదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు. పంట ఋణంతో కొన్న విత్తనానికి మాత్రం ఇది తప్పనిసరి అని భావించాలి. నారు పలుచబడి, మరల విత్తేసరికి మూడు వారాలు జారిపోతే గడ్డ పరిమాణం అక్కడే తగ్గిపోతుంది. ఋణవాయిదా తేదీ మాత్రం జరగదు.

ఎకరాకు 3 నుండి 4 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి అవసరం. మీటరు వెడల్పున, 15 సెంటీమీటర్ల ఎత్తున మడులు కట్టి, అక్టోబరు, నవంబరు నెలలలో విత్తనాన్ని ఒక సెంటీమీటరు లోతున వరుసలలో విత్తాలి. పైన మెత్తని పశువుల ఎరువు చల్లి, మొలకెత్తువరకు గడ్డితో కప్పాలి. నీరు నిలిస్తే నారుకుళ్ళు తెగులు తప్పదు. డాబాపై సాగుచేయువారు 20 నుండి 25 సెంటీమీటర్ల లోతుగల తొట్లను వాడాలి. నల్లరేగడి ఒక్కటే అయితే బిగుసుకొని గడ్డను నొక్కుతుంది గనుక మన్ను, ఇసుక, చివికిన ఎరువు సమపాళ్ళలో కలపడం మంచిది.

ఆరు, ఏడు వారాల నారును నాటాలి. పొలంలో వరుసల మధ్య 15, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల ఎడం సరిపోతుంది. ఇంటి వాడకానికి మరింత పెద్ద గడ్డలు కావలసినవారు అన్ని వైపులా 15 ఉంచవచ్చును. అయితే ఎకరా దిగుబడి దృష్ట్యా ఇది లాభసాటి కాదు. పైగా మెడ లావైన మిక్కిలి పెద్ద గడ్డలు నిల్వకు ఆగవు. నాటునపుడు లోతుగా పాతకూడదు. నత్రజనిని నాటిన 45 రోజులలోపే ముగించాలి. ఆలస్యంగా వేసిన యూరియా ఆకును పెంచి, మెడను లావుచేస్తుంది.

సగం మొక్కల ఆకులు మెడవద్ద వాలినపుడు గడ్డ పక్వమైనట్లు గ్రహించాలి. తవ్వుటకు పది, పదిహేను రోజుల ముందు నీరు ఆపాలి. తవ్విన గడ్డలను, వాటి ఆకులే వాటికి నీడగా, మూడు నాలుగు రోజులు పొలంలో ఆరబెట్టాలి. పిదప రెండు సెంటీమీటర్ల మెడ మిగిల్చి కోయాలి.

ప్యాకెట్టు, బిల్లు పంట చేతికి వచ్చువరకు భద్రపరచండి. వాటిపై లాట్ నంబరు, పరీక్ష తేదీ ఉన్నవో లేవో కొనునపుడే చూడండి. లోపభూయిష్టమైన విత్తనం కొని నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరములో పరిహారం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అటువంటి ఫిర్యాదుకు మొదట కావలసినవి ఆ రెండు కాగితాలే.