పిట్టగోడ గల యిల్లు

ఈ మాసపు పాఠము: వృద్ధులు తమ యింట క్షేమముగా నుండుట
వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 2 సమూయేలు 19:31–39



మోషే ధర్మశాస్త్రములో ఇల్లు కట్టుకొనువానికి ఒక చిన్న ఆజ్ఞ గలదు. ఆ దేశములో ఇండ్లకు మిద్దెలుండెను. రాహాబు మిద్దెమీదనే జనుపకట్టె ఆరవేసెను. పేతురు మిద్దెమీదనే ప్రార్థన చేసెను. అక్కడనుండి ఎవరైన పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటివారిమీదికి వచ్చును గనుక చుట్టు పిట్టగోడ కట్టవలెనని దేవుడు సెలవిచ్చెను. ఒక సంగతి గమనించుడి: మిద్దె ఎక్కవద్దని ఆయన చెప్పలేదు. గోడ కట్టుమనెను. మనిషి ప్రాణమును, అతని స్వేచ్ఛను, రెంటిని కాపాడెను.

మన యిండ్లలోని పెద్దలయెడల ఇదే న్యాయము. మేము గృహదర్శనములకు వెళ్లునప్పుడు రెండు విధములైన యిండ్లను చూచుచున్నాము. ఒక యింట ముసలితల్లి ఎట్లున్నదో అడుగువారు లేరు. అది గోడలేని మిద్దె. వేరొక యింట ప్రేమ కలదు గాని, "నీవు కదలకు, ఏమియు ముట్టుకొనకు" అని ఆమెను మంచమునకే పరిమితము చేయుదురు. అది మిద్దె ఎక్కనియ్యని యిల్లు. దేవుని మార్గము ఈ రెండును కాదు.

1. పడిపోకుండ కాపాడుడి

యాజకుడైన ఏలీ 98 ఏండ్ల వాడై, చూపు పోయినవాడై, పీఠముమీదనుండి వెనుకకు పడి మెడ విరిగి చనిపోయెను (1 సమూయేలు 4:15–18). వృద్ధాప్యములో పడుట చిన్న సంగతి కాదు. తుంటి ఎముక విరిగినవారు అనేకులు మరల మునుపటివలె నడువలేరు. మంచము పట్టినవారికి పుండ్లు పడును, ఊపిరితిత్తులలో నెమ్ము చేరును.

ఈ పాటు తరచుగా ఇంటిలోనే సంభవించును. కావున మంచమునుండి మరుగుదొడ్డివరకు గల దారిని ఈ వారమే చూడుడి. రాత్రి అక్కడ దీపముండవలెను. స్నానపు బండమీది పాచిని గీకి కడుగవలెను. మరుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకు ఒక ఇనుప గొట్టము గట్టిగా బిగింపవలెను. క్రింద కూర్చుండలేనివారికి మధ్యను రంధ్రముగల కుర్చీ ఉంచవలెను. గడపకును మెట్ల అంచులకును సున్నము పూసినయెడల మసకచూపునకు కనబడును. నులకమంచము కుంగినయెడల బిగింపవలెను. కూర్చున్నప్పుడు పాదములు నేలకు ఆనవలెను. అరిగిన చెప్పులు తీసివేసి, చేతికఱ్ఱ అడుగున రబ్బరు తొడుగు వేయుడి. పెద్దలు నిద్రలేచిన వెంటనే నిలువరాదు. రక్తపుపోటు తగ్గి కన్నులు తిరుగును. మంచపు అంచున కొంచెముసేపు కూర్చుండి లేవవలెను.

2. శరీరమును పోషించుడి

ఇస్సాకు కన్నులు మసకబారినందున ఎదుట నున్న కుమారుని గుర్తింపలేకపోయెను (ఆదికాండము 27). నేడు శుక్లములు శస్త్రచికిత్సతో పోవును. 1976నుండి నడుచుచున్న జాతీయ అంధత్వ నివారణ పథకము క్రింద బీదలకు అది ఉచితముగా చేయబడుచున్నది. "ఈ వయస్సులో చూపెందుకు" అనకుడి. చూపు వచ్చినవాడు తన దారి తానే చూచుకొనును.

చక్కెరవ్యాధికి, రక్తపుపోటుకు ఇచ్చిన మాత్రలను ఒంటికి బాగున్నదని మానరాదు. పొరుగువారి మాత్రలు మ్రింగరాదు. మాత్రలు వేసికొన్న తరువాత తూలు వచ్చినయెడల వైద్యునితో చెప్పవలెను. వయస్సు మీరినకొలది దాహము తెలియుట తగ్గును. ఎండకాలమున నీళ్లచెంబు చేతికందునట్లుంచి, మీరే అడిగి త్రాగించుడి. పండ్లు ఊడినవారికి గంజి ఒక్కటే చాలదు. మెత్తని పప్పు, గ్రుడ్డు, రాగిజావ, పాలు, ఆకుకూర కావలెను.

3. పనిని, మాటను తీసివేయకుడి

ఎనుబది ఏండ్ల బర్జిల్లయి మహనయీములో దావీదునకు ఆహారమిచ్చి పోషించినవాడు. యెరూషలేమునకు రమ్ము, నిన్ను పోషించెదనని రాజు పిలిచినప్పుడు, రుచియు వినికిడియు తగ్గిన తాను తన ఊరిలో, తలిదండ్రుల సమాధియొద్దనే చనిపోవుదునని అతడు మనవిచేసెను. రాజు బలవంతము చేయలేదు. ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. అయినను అతని మరువలేదు. తాను చనిపోవుటకు ముందు అతని కుమారులకు మేలు చేయుమని సొలొమోనునకు ఆజ్ఞాపించెను (1 రాజులు 2:7).

పట్నములో నున్న కుమారులారా, అమ్మను తీసికొనిపోవుటకు ముందు అమ్మ నడుగుడి. ఊరనున్నప్పుడు ఆమె చేతిపని ఆమెకే విడువుడి. వాడని బలము తరుగును. ఆకుకూర ఏరనియ్యుడి, కోళ్లకు గింజలు చల్లనియ్యుడి, ఆమె పింఛను ఆమె చేతనే ఉండనియ్యుడి. అయితే మతి తప్పినవారిని, తమంతట లేవలేనివారిని ఒంటరిగా విడుచుట స్వేచ్ఛ కాదు. వారియొద్ద మనిషి ఉండవలెను.

4. సంఘము చేయవలసినది

పిల్లలును మనుమలును మొదట తమ యింటివారియెడల భక్తి కనుపరచవలెనని పౌలు బోధించెను (1 తిమోతి 5:4). తలిదండ్రులకు చెందవలసినది కొర్బానని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9–13). తల్లి మందు మాన్పించి తెచ్చిన కానుక బల్లమీద పెట్టినను దేవునికి ఇష్టమగునా?

పిల్లలు హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను ఉన్న వృద్ధుల తలుపును యౌవనస్థులు వంతులవారీగా ప్రతి ఉదయము తట్టవచ్చును. కుమారుని ఫోను నంబరును గోడమీద పెద్ద అంకెలతో వ్రాయవచ్చును. పోషణ లేనివారికి 2007వ సంవత్సరపు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము కలదు. దాని క్రింద న్యాయము కోరవచ్చును. 14567 అను ఉచిత ఫోను నంబరున సలహా దొరకును. అయితే చట్టముచేత వచ్చు కూడు ప్రేమతో పెట్టిన కూడువంటిది కాదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు
1. మన యింటి "మిద్దె" ఎక్కడ గోడలేక యున్నది?
2. మన పెద్దలు చేయగలిగియు మనము చేయనియ్యని పని ఏది?
3. మన ఆలయపు మెట్లకు పట్టుకొను ఊత యున్నదా?

ప్రార్థన: తండ్రీ, మమ్మును నడిపించిన చేతులు నేడు వణకుచున్నవి. వాటికి ఊతనిచ్చు జ్ఞానమును, వాటి పని వాటికి విడుచు ఓపికను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.