పరలోక ప్రార్థన అయ్యేదాకా ఆగండి

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కిరండూల్‌లో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను, అందులో పదిహేనేళ్లు సంఘపెద్దగా ఉన్నాను. ఈ కాలమంతా నా దగ్గరికి బాధతో వచ్చిన ప్రతి మనిషికీ సలహా ఇచ్చి పంపాను. వాళ్లు రెండో మాట పూర్తి చేసేలోపే నాకు వాక్యం గుర్తొచ్చేది. వాక్యం చెప్పి, దాని మీద ఒక ఉదాహరణ చెప్పి, ప్రార్థన చేసి లేచేవాణ్ణి. చాలామంది రెండోసారి రాలేదు. బాగుపడ్డారు కాబట్టే రాలేదనుకున్నాను. మా అబ్బాయి కూడా ఇంటికి రావడం మానేశాకగానీ నాకు తెలిసి రాలేదు.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వాడొక రాత్రి ఇంటికొచ్చి, "నాన్నా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు. చదువు మానేస్తానంటాడని ఎలాగో పసిగట్టాను. వాడు ఆ మాట చెప్పకముందే మొదలుపెట్టాను. తప్పిపోయిన కుమారుడి దగ్గర ఆరంభించి మా నాన్న పడిన కష్టాల దాకా వెళ్లాను. మా నాన్న ఎస్.కోట నుంచి ఇక్కడికొచ్చి, ఎద్దు మూపురంలా కనబడే ఈ బైలడిలా కొండల కింద ఎండలో పనిచేసిన మనిషి. వాడు తలవంచుకుని విన్నాడు. పొద్దున లేచేసరికి విశాఖ పాసింజరుకి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట ఏమిటో నేను అడగనేలేదు.

అలా అడగడం నేర్పే 'క్రిస్టియన్ లైఫ్ కోచింగ్' అనే మాట ఈ మధ్య మన సంఘాల్లో వినబడుతోంది. కోచింగ్ అనగానే మనకు ట్యూషన్ సెంటర్లు గుర్తొస్తాయి. దీనికీ వాటికీ సంబంధం లేదు. కోచ్ అనేది హంగరీలో ఒక ఊరి పేరు, అక్కడ తయారైన గుర్రపు బండికి ఆ పేరే స్థిరపడింది. మన రైలు పెట్టెనూ కోచ్ అనే అంటాం. మనిషి ఉన్నచోటి నుంచి వెళ్లాలనుకున్న చోటికి తీసుకెళ్లేది బండి. ఏ స్టేషన్లో దిగాలో ఎక్కినవాడే చెప్పాలి, బండి చెప్పదు.

టిమోతీ గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు 1974లో రాసిన పుస్తకంలో, ఆటగాడికి ఎదుటివాడికన్నా తన లోపలి అలజడే పెద్ద ప్రత్యర్థి అని చెప్పాడు. జాన్ విట్‌మోర్ ఆ ఆలోచనను ఆఫీసుల్లోకి తెచ్చాడు. లక్ష్యమేమిటి, ఇప్పుడున్న స్థితి ఏమిటి, దారులేమున్నాయి, ఏం చేయబోతున్నావు అని వరసగా అడగడం ఆయన 1992 పుస్తకంతో ప్రచారమైంది. గ్యారీ కాలిన్స్ అనే క్రైస్తవ మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో క్రిస్టియన్ కోచింగ్ మీద పుస్తకం తెచ్చాడు. కోచింగ్‌లో మనిషి తనకేం కావాలో తేల్చుకుంటాడు. క్రైస్తవ కోచింగ్‌లో దానితోపాటు దేవుడు తనను ఎటు పిలుస్తున్నాడో కూడా వెతుక్కుంటాడు. పక్కనున్నవాడు అడుగుతాడు, వింటాడు, ప్రార్థిస్తాడు. జవాబు మాత్రం చేతిలో పెట్టడు.

ఇదేదో అమెరికా సరుకు అనుకోకండి. యెరికో దారిలో బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా యేసు ఆగి, నీకేం చేయమంటావని అతన్నే అడిగాడు. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా పడి ఉన్నవాణ్ణి కూడా, బాగుపడాలని ఉందా అని ముందు అడిగాడు. ఇన్ని ప్రసంగాలు విన్నాం, ఎన్నోసార్లు చెప్పాం. ఆ ప్రశ్నల దగ్గర ఎందుకు ఆగలేదు మనం?

ఇప్పుడు నేను ప్రాణంగా పట్టుకున్న అలవాటు చెబుతాను. మిగతా సలహాలన్నీ మర్చిపోయినా ఇదొక్కటి చేయండి. ఎదుటి మనిషిని ఒక ప్రశ్న అడగండి. అడిగాక మనసులో పరలోక ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా నింపాదిగా చెప్పుకోండి. ఆమేన్ అనేదాకా నోరు తెరవొద్దు. నిమిషం కూడా పట్టదు. కానీ మొదటిరోజు చేసి చూడండి, ఆ కాస్త సేపు ఎంత పొడుగో తెలుస్తుంది. నాలుక దురద పెడుతుంది. అతను ఇబ్బంది పడుతున్నాడు, పాపం అనిపిస్తుంది. నిజానికి ఇబ్బంది పడుతున్నది మనం. మొదటి నెలంతా నేను ప్రార్థన సగంలోనే తెగ్గొట్టి మాట్లాడేశాను.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి చూసిందట. టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎంతమంది పిల్లల జవాబుల్ని నేను గొంతులోనే నొక్కేశానో!

ఒక ఆదివారం సాయంత్రం మా కూడికకొచ్చే ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. ప్లాంటులో కాంట్రాక్టు పని. తాగుతున్నాడని, గట్టిగా చెప్పమని అతని భార్య ముందే చెప్పి ఉంది. వరండాలో బల్లమీద కూర్చోబెట్టాను. కింద లైను మీద ఇనుప ఖనిజం గూడ్సు వెళ్తోంది. అది పోయేదాకా ఆగి, "ఏం జరిగితే నీ మనసు తేలికపడుతుంది బాబూ?" అని అడిగి మనసులో ప్రార్థన మొదలుపెట్టాను. ఎంత తుడిచినా మా వరండాలో బల్లల మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది. అతను వేలితో ఆ దుమ్ములో గీత గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. ఆమేన్ అయింది. మళ్లీ మొదటినుంచి చెప్పుకున్నాను. రెండోది సగంలో ఉండగా, "అమ్మ గాజులండీ మాస్టారూ" అన్నాడు.

బండి కొనుక్కోవడానికి ఊళ్లో తల్లి గాజులు తాకట్టు పెట్టాడు. విడిపించలేకపోయాడు. ఎనిమిది నెలలుగా తల్లి ఫోను చేస్తే అతను ఎత్తడం లేదు. ఆవిడ ఫోను చేసేది ఆదివారం సాయంత్రం. అతను తాగేదీ అప్పుడే. నేను గంటసేపు మద్యపానం మీద మాట్లాడి ఉంటే ఈ గాజుల సంగతి నాకెప్పటికీ తెలిసేది కాదు. "మరి ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అంటే చాలాసేపటికి, "ముందు ఫోను చేస్తానండి. డబ్బు సంగతి తర్వాత" అన్నాడు. చేశాడు. గాజులింకా విడిపించలేదు, తాగడం పూర్తిగా మానలేదు. కానీ ప్రతి ఆదివారం తల్లితో మాట్లాడుతున్నాడు, నెలనెలా కొంత పంపుతున్నాడు. ఆ దారి అతనే ఎంచుకున్నాడు, అందుకే నడుస్తున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కూర్చున్నప్పుడు ఫోను మరో గదిలో పెట్టండి. 'ఎందుకు చేశావు' అనకుండా 'ఏం జరిగింది' అని అడగండి. చేస్తానన్న పని ఒక్కటే ఉండాలి, ఎప్పుడు చేస్తాడో రోజు అతని నోటే రావాలి. వారం తర్వాత మళ్లీ కలవండి. ఆకలితో, నిద్రలేమితో ఉన్నవాణ్ణి ప్రశ్నలడగొద్దు. బదరీ వృక్షం కింద చచ్చిపోతానన్న ఏలీయాకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ప్రశ్న ఆ తర్వాతే. మన కూడికల్లో తెలుగువాళ్లు, హల్బీ, గోండీ, ఒడియా మాట్లాడేవాళ్లు కలిసే ఉంటారు. మనిషి ఏ భాషలో ఏడుస్తాడో ఆ భాషలో జవాబు చెప్పనివ్వండి.

ఇంకొకటి కోపంతోనే చెబుతున్నాను. ఒకరు నమ్మి చెప్పుకున్నదాన్ని 'ప్రార్థన మనవి' పేరుతో సంఘం మధ్యలో పెట్టకండి. దేవుడికి చెప్పడానికి మైకు అక్కర్లేదు. ఈ పాపం నేనూ చేశాను. ఒక ఆడబిడ్డ మా సంఘానికి రావడం మానేసింది నా వల్లే.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే అది కోచింగ్‌తో తీరే పని కాదు. 14416 టెలీ మానస్‌కు పక్కన కూర్చుని ఫోను చేయించండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. కొన్ని దుఃఖాల ముందు ఏ ప్రశ్నా వేయకూడదు. 2025 జనవరిలో మన బస్తర్‌లోనే ఒక పాస్టరు గారి దేహం సొంత ఊళ్లో సమాధికి చోటు దొరక్క ఇంచుమించు మూడు వారాలు మార్చురీలో ఉండిపోయింది. ఆయన కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, చివరికి ఆయన్ను వేరే ఊళ్లోని క్రైస్తవ సమాధుల స్థలంలో పూడ్చారు. అలాంటి కొడుకు పక్కన కూర్చుని 'నీ లక్ష్యమేమిటి' అంటామా? టీ ఇచ్చి ఊరికే కూర్చోవాలి. అదే బస్తర్‌లో ఉన్నాం కాబట్టి మరొకటి కూడా చెప్పాలి. ఈ కోచింగ్ మన చేతిలో వలగా మారకూడదు. బాధలో ఉన్నవాణ్ణి మెల్లగా మన నమ్మకంలోకి లాగే ఉద్దేశం మనసులో ఉంటే ఆ ప్రశ్న ప్రశ్నే కాదు.

మా అబ్బాయి రెండేళ్లుగా నెలకోసారి ఫోను చేస్తాడు. బాగున్నావా, బాగున్నాను, అమ్మకిస్తాను. అంతే. పోయిన నెల ఫోను వాళ్ల అమ్మకి ఇవ్వలేదు. "ఒరే నాన్నా, ఆ రోజు రాత్రి నాతో ఏం చెప్పాలనుకున్నావు?" అని అడిగాను. ప్రార్థన మొదలుపెట్టాను. అవతల ఫ్యాను చప్పుడు వినబడుతోంది. ఆమేన్ దాకా వచ్చాను, మళ్లీ మొదటికి వెళ్లాను. గరిటె చేత్తో పట్టుకుని మా ఆవిడ వచ్చి నిలబడి, ఏమిటన్నట్టు చూసింది. చెయ్యెత్తి ఆగమన్నాను. మూడోసారి అనుదిన ఆహారం అడిగే చోటికి వచ్చేసరికి,

"నాన్నా, లైన్లో ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను. చెప్పు."

"హాస్టల్లో నా గది పక్కన ఒకబ్బాయి ఉండేవాడు నాన్నా..." అని మొదలుపెట్టాడు.