సందేహాలు - సమాధానాలు: యుద్ధం గురించి అడగొచ్చా?

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవే. అన్నింటిలోనూ ఒకటే గొడవ: యుద్ధం. మన దగ్గర ఈ మాట ఎక్కువగా నలగడంలో వింత లేదు. భానూర్‌లో క్షిపణులు తయారవుతాయి. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో సైన్యానికి సాయుధ వాహనాలు తయారవుతాయి. సరిహద్దు ఎంత దూరమైనా యుద్ధం ఇక్కడి వాళ్లకు ఇంటి సంగతే.

ప్రశ్న: పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. ఇస్నాపూర్‌లో నలుగురం కలిసి రూములో ఉంటాం. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో పోరు నడుస్తున్నప్పుడు, రాత్రి షిఫ్టు దిగివచ్చి ఫోన్ చూస్తూ "మనవి ఎన్ని విమానాలు పోయినయ్?" అని అడిగిన. అంతే, శ్రీకాకుళం అన్న నన్ను దేశద్రోహి అన్నడు. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. నేను అడిగింది తప్పా సార్?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. మీరు అడిగింది ఒకటి, ఆయన విన్నది మరొకటి. యుద్ధం మీద ప్రశ్నలు రెండు రకాలు. ఇది న్యాయమైనదేనా అన్నది మొదటిది. అనుకున్నట్టు నడుస్తోందా అన్నది రెండోది. మీ కంపెనీ సంగతే చూడండి. రోగికి ఆ మందు అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి. ఈ బ్యాచ్ పాసయిందా అన్నది క్వాలిటీ కంట్రోల్ వాళ్లు తేల్చాలి. బ్యాచ్ గురించి అడిగినవాడిని రోగికి శత్రువు అనం కదా! మీరు అడిగింది రెండో ప్రశ్న. మీ అన్నకు అది మొదటి ప్రశ్నలా వినిపించింది.

ఇక జరిగింది చూద్దాం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మే 7 తెల్లవారుజామున మన సైన్యం ఆపరేషన్ సిందూర్ పేరుతో తొమ్మిది స్థావరాలపై దాడి చేసింది. మే 10 సాయంత్రానికి కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజులూ ఈ దేశంలో ప్రధాన పార్టీలేవీ దాడి అన్యాయమనలేదు. అఖిలపక్ష సమావేశాల్లో ప్రభుత్వం వెనకే నిలబడ్డాయి. వాదమంతా ఆ తర్వాతే మొదలైంది. ఎన్ని విమానాలు పోయాయి, కాల్పుల విరమణ ఎవరి మాట మీద జరిగింది, పహల్గాంలో భద్రత ఎందుకు లేదు అన్న ప్రశ్నలు అప్పుడు లేచాయి.

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరిచ్చారో తెలుసా? సాక్షాత్తూ త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్. మే 31న సింగపూర్‌లో విలేకరులతో మాట్లాడుతూ విమానాలు నష్టపోయిన మాట ఒప్పుకున్నారు. ఎన్ని అన్నది చెప్పలేదు. పాకిస్తాన్ ఆరు కూల్చామంటున్నది అబద్ధమన్నారు. ఎందుకు పోయాయి, ఆ పొరపాటును ఎలా దిద్దుకున్నాం అన్నదే ముఖ్యమన్నారు. ఆగస్టు 9న వైమానిక దళాధిపతి ఏ.పి. సింగ్ బెంగళూరులో మాట్లాడుతూ, పాకిస్తాన్‌వి ఐదు యుద్ధవిమానాలు, మరో పెద్ద విమానం కూల్చామన్నారు. పాకిస్తాన్ దాన్ని కొట్టిపారేసింది. జూలై చివర్లో పార్లమెంటు ఉభయసభల్లో ఈ ప్రశ్నలన్నీ గట్టిగానే అడిగారు. అడిగినవాళ్లను ఎవరూ సభలోంచి గెంటేయలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. పోరు నడుస్తున్న ఆ నాలుగు రోజుల్లో సైన్యం కదలికలు చెప్పడం వేరు, తర్వాత లెక్క అడగడం వేరు. దాడుల ప్రత్యక్ష ప్రసారాలు వద్దని కేంద్రం మే 9న మీడియాకు చెప్పింది సబబే. కానీ పోరు సాగుతుండగానే అడిగిన సందర్భాలూ ఉన్నాయి. 1962లో చైనాతో యుద్ధం అక్టోబర్ 20న మొదలైంది. ప్రతిపక్షాలు పట్టుబడితే నెహ్రూ పార్లమెంటు సమావేశాన్ని ముందుకు జరిపి, నవంబర్ 8న మొదలుపెట్టారు. అప్పటికి యుద్ధం ఇంకా ఆగలేదు. సభ్యులు ప్రభుత్వాన్ని నిలదీశారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి అప్పటికే పోయింది. దేశం దానివల్ల కూలిపోలేదు.

మీ అన్నతో ఈ సంగతి నిదానంగా మాట్లాడండి. "దాడి చేయడం తప్పని నేననలేదన్నా, మనకు జరిగిన నష్టం అడిగిన" అని చెప్పండి. రేపెప్పుడైనా ఏదైనా యుద్ధమే తప్పని మీకు అనిపిస్తే, ఆ మాట అనే హక్కు కూడా రాజ్యాంగం 19వ అధికరణం మీకు ఇచ్చింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించడం నేరం కాదని, మరో దేశానికి దాని స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు చెప్పడం కూడా నేరం కాదని 2024 మార్చి 7న సుప్రీంకోర్టు జావేద్ అహ్మద్ హజామ్ కేసులో తీర్పిచ్చింది.

ప్రశ్న: జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. 1948 సెప్టెంబర్ 17 మా తాత దృష్టిలో విమోచన. మా క్లాసులో ఒక ఫ్రెండ్ ఇంట్లో ఆ రోజు పేరెత్తితే వాళ్ల నానమ్మ ఏడుస్తుందట. ఇద్దరిలో ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరిదీ. ఇది మాట దాటేయడానికి చెప్పడం లేదు.

మీ ఊరు మీదుగా పటాన్‌చెరుకు వచ్చే షోలాపూర్ రోడ్డు మీదనే మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నడిపిన భారత సేన వచ్చింది. సెప్టెంబర్ 13న నల్‌దుర్గ్ దగ్గర మొదలై, హుమ్నాబాద్, జహీరాబాద్ దాటుకుంటూ హైదరాబాద్ వైపు కదిలింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఇప్పుడు లారీలు బారులు తీరే ఆ హైవే మీద అప్పుడు ట్యాంకులు నడిచాయి.

న్యాయమేనా అన్న ప్రశ్నకు మీ తాత దగ్గర బలమైన జవాబుంది. నిజాం కొమ్ముకాసిన రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చారు. దానికి కొద్ది రోజుల ముందే, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడిరోడ్డు మీద చేతులు నరికి చంపారు. ఆయన ముస్లిం. ఈ పోరు హిందూ ముస్లింల మధ్యది అనేవాళ్లకు నేను మొదట చెప్పే పేరు ఆయనదే. నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి వెళ్లి ఇది దురాక్రమణ అంది. మన ప్రభుత్వం ఇది పోలీసు చర్య, లోపలి వ్యవహారం అంది. నా అభిప్రాయం అడిగితే, దేశం మధ్యలో ఆ సంస్థానం అలా సాగడానికి వీల్లేదు. సైన్యం రావడం న్యాయమే.

ఎలా నడిచిందన్న ప్రశ్నకు వస్తే మీ ఫ్రెండ్ నానమ్మ మాట వినాలి. సైన్యం వచ్చాక ఊళ్లలో ముస్లింల మీద జరిగిన దాడుల సంగతి తెలుసుకోవడానికి నెహ్రూయే పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. అందరికంటే ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల పేర్లు చెప్పింది: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఇక్కడ మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మీ జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు 1956 దాకా బీదర్ జిల్లాలోవే. ఆ నానమ్మ ఏడుపు మీ ఊరి చరిత్రలో భాగం. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటకు రానివ్వలేదు. నివేదికను దాచారంటే నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. దాచినందువల్ల ఒక ఇంట్లో గాయం మానలేదు, ఇంకో ఇంట్లో తెలియనే లేదు.

ఇప్పటికీ పేరు మీద కొట్లాటే. కేంద్రం విమోచన దినం అంటుంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. మీరు మాత్రం తాతను, ఆ నానమ్మను ఇద్దరినీ కూర్చోబెట్టి వాళ్లు చెప్పింది రాసిపెట్టండి. ఆ తరం ఎంతోకాలం ఉండదు.

ప్రశ్న: రామచంద్రాపురంలో ఉంటాను, రిటైరయ్యాను. నిజాం పోయాక కూడా కమ్యూనిస్టులు సాయుధ పోరాటం కొనసాగించారు. అది సరైనదేనా?

జవాబు: ఈ వాదం ముందు ఆ పార్టీ లోపలే జరిగింది కాబట్టి దీన్ని వాళ్ల నోటే వినొచ్చు. రావి నారాయణరెడ్డి గారు, నిజాం మీద పోరును ముందుండి నడిపినవారు, సైన్యం వచ్చాక తుపాకీ దించాలన్నారు. భూమి పంచుకున్న రైతు మళ్లీ దొర పాలవుతాడని, కొనసాగించాల్సిందేనని ఇంకొందరు పెద్ద నాయకులన్నారు. రెండు వైపులా ఉన్నది జైళ్లు, అడవులు చూసినవాళ్లే. 1951లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య సహా నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌తో చర్చించారు. ఆ ఏడు అక్టోబర్‌లో పోరాటం విరమించారు.

నా తీర్పు రావి నారాయణరెడ్డి గారి వైపే. భూమి కోసం పోరు న్యాయమైనదే. కానీ 1948 సెప్టెంబర్ తర్వాత అది గెలవలేని పోరు. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాలు రైతు కూలీలవీ, వాళ్ల పిల్లలవీ. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఆయనకు దేశంలోనే అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చాయి, నెహ్రూ కంటే కూడా ఎక్కువ. ఆపమన్నవాడిని జనం పిరికివాడు అనలేదు.

ప్రశ్న: మావారు భానూర్ వైపు రక్షణ రంగ కంపెనీలో చేస్తారు. యుద్ధం మీద వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒకటి పెడుతుంటారు. నాకు భయమేస్తోంది.

జవాబు: మీ భయంలో అర్థముంది అమ్మా. లోపల ఏం తయారవుతోంది, ఎన్ని వెళ్లాయి, ఏ లారీ ఎప్పుడు కదిలింది అన్నవి ఇంట్లో కూడా మాట్లాడకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. శిక్ష గట్టిది. గేటు ముందు సెల్ఫీ కూడా వద్దు. ప్రభుత్వ విధానంపై బహిరంగ విమర్శ సంగతి వేరు. ఆయన కంపెనీ ప్రవర్తనా నియమావళి ఏమంటోందో ముందు చదవమనండి. మామూలు పౌరుడికి ఉన్న వెసులుబాటు ఉద్యోగికి అంతగా ఉండదు. ఎవరో పంపిన వీడియోను నిజమో కాదో చూడకుండా ముందుకు పంపడం మాత్రం ఏ ఉద్యోగంలో ఉన్నా మానుకోవాల్సిందే.

ప్రశ్న: 1965 యుద్ధానికి నిజాం ఐదు టన్నుల బంగారం దానం చేశాడని మా అబ్బాయి స్కూల్లో చెప్పారట. నిజమేనా? - కంది

జవాబు: దానం కాదు. జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోలు పెట్టుబడి పెట్టాడు, దానికి ఆరున్నర శాతం వడ్డీ కూడా ఉంది. ఆ బంగారం దేశానికి అక్కరకొచ్చింది, అది కాదనం. యుద్ధం రోజుల్లో 425 కిలోలు ఐదు వేల కిలోలు కావడం మామూలే. ఇప్పుడు ఫోన్లలో కూల్చిన విమానాల లెక్కలు పెరుగుతున్నది కూడా ఇలాగే.

ప్రశ్న: మా చిన్నోడు అగ్నివీర్ కోసం పొద్దున్నే సంగారెడ్డి గ్రౌండ్‌లో పరుగెడుతున్నడు. యుద్ధం మీద ప్రశ్నలు అడిగితే సైనికుల మనసు విరుగుతదని టీవీలో అంటున్నరు. నా కొడుకు పోయే సైన్యం గురించి నేను అడగొద్దా?

జవాబు: అందరికంటే ముందు అడగాల్సింది మీరే అమ్మా. 2025 మేలో సరిహద్దులో ప్రాణమిచ్చిన మురళీ నాయక్‌ది సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లితండా. 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. యుద్ధం ఖర్చు అలాంటి ఇళ్లే భరిస్తాయి. టీవీలో అరిచేవాళ్లు ఎవరూ భరించరు.

అడగడం వల్ల సైన్యానికి మేలే జరిగింది. కార్గిల్ యుద్ధం 1999 జూలై 26న ముగిసింది. మూడు రోజుల్లోనే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘం వేశారు. చొరబాటు ముందే ఎందుకు పసిగట్టలేకపోయామని ఆ సంఘం తవ్వింది. నివేదికలో బయటపెట్టగలిగినంత భాగాన్ని 2000లో పార్లమెంటు ముందుంచారు. నిఘా వ్యవస్థలో మార్పులు దాని తర్వాత వచ్చినవే. దానివల్ల ఏ జవాను మనసూ విరగలేదు.

అడగకపోతే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 1987లో శాంతి కోసమని పంపిన మన సైన్యం అక్కడ తమిళ పులులతోనే యుద్ధంలో కూరుకుపోయింది. వెయ్యి మందికి పైగా జవాన్లు చనిపోయారు. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవుకు చేరినప్పుడు స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆ యుద్ధం తప్పని ఆయన నమ్మారు. నమ్మడం ఆయన హక్కు. కానీ ఆ కోపం పంపినవాళ్ల మీద చూపాల్సింది. ఓడ దిగుతున్న జవాను ఏం తప్పు చేశాడు? యుద్ధాన్ని తప్పుపట్టినా, వెళ్లొచ్చిన కుర్రాడికి ఎదురెళ్లి నీళ్లిచ్చే మర్యాద మనకు ఉండాలి.

మీ చిన్నోడిని పరుగెత్తనివ్వండి. మీరు మాత్రం మీ ఎంపీకి ఒక కార్డు రాయండి. 1962 ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ రాసిన నివేదికను ఏ ప్రభుత్వమూ ఇంతవరకు బయటపెట్టలేదు. దాన్ని బయటపెట్టమని, 2025 పోరుకూ కార్గిల్‌కు వేసినట్టే ఒక సమీక్షా సంఘం వేయమని అడగండి. ఈ శీర్షిక చదివేవాళ్లందరినీ నేను కోరేదీ అదే.